ఆ పలక ఉండనీ బిడ్డా

బిడ్డా,

ఉగాదికి మన పిండి గిర్నీకి సున్నం కొట్టిస్తున్నావని, మోటారుకు కొత్త పట్టా వేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే సంతోషమేసింది. మాటల మధ్యలో ఇంకో సంగతి కూడా చెప్పింది. గుమ్మానికి వేలాడుతున్న పలక తీసేస్తానన్నావట. "మాస్కు లేనిదే లోపలికి రావద్దు" అని మీ నాయిన తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాయించి పెట్టిన పలక. ఈ 2022 మార్చి నెలాఖరుతో కరోనా ఆంక్షలన్నీ పోతున్నాయి కదా, ఇంకా ఎందుకు అని అడిగావట. ఫోన్ చేసి చెబితే నువ్వు "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. గిర్నీ కట్టేశాక, నింపాదిగా చదువు.

ముందు నీ కష్టం నాకు తెలుసని చెప్పనీ. 2020 మార్చి 2న మన రాష్ట్రంలో మొదటి కేసు బయటపడ్డది మొదలు నీకు కుదురు లేదు. లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లోని మన జహనుమా గల్లీలన్నీ బోసిపోయాయి. ఆ మే నెలలో మాస్కు లేకపోతే 1,000 రూపాయలు జరిమానా అన్నారు. మన బస్తీలో రోజుకూలీకి పోయేవాడికి వెయ్యి రూపాయలంటే రెండు రోజుల సంపాదన. పాపం, జనం ఏం చేశారు? పోలీసు కనబడితే మాస్కు పైకి, మలుపు తిరిగితే గడ్డం కిందికి. మాస్కు అంటే పోలీసు కోసం పెట్టుకునేది అన్న అభిప్రాయం అప్పుడే నాటుకుపోయింది. అలా అనుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. ఇప్పుడు చూస్తే రాష్ట్రమంతా కలిపినా రోజుకు వంద కేసులు రావడం లేదు. వెనక గల్లీ గిర్నీలో ఏ అడ్డూ లేదు. "మీ దగ్గర నఖరాలు ఎక్కువ" అని గిరాకీ అటు పోతోందని నీ బాధ. అదంతా నిజమే బిడ్డా.

అయినా ఆ పలక ఉండనీ.

ఢిల్లీ నుంచి వచ్చిన లేఖను అందరూ సగమే చదివినట్టున్నారు. విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలను మార్చి 31 తర్వాత పొడిగించబోమని హోం శాఖ రాసింది. మాస్కు గురించి, చేతుల శుభ్రత గురించి ఆరోగ్య శాఖ ఇచ్చిన సలహాలు మాత్రం కొనసాగుతాయని కూడా అదే లేఖలో ఉంది. ఆంక్ష పోయింది, అవసరం పోలేదు. ఇల్లు అలకగానే పండుగ కాదని మీ నాయనమ్మ అంటుండేది, గుర్తుందా?

నువ్వు పుట్టినప్పటి నుంచి ఆ గిర్నీ గదిలోనే తిరిగావు, అందుకే నీ కంటికి అది ఆనదు. ఒక్కసారి బయటివాడిలా చూడు. గట్టిగా పన్నెండడుగుల వెడల్పు. వెనక గోడకు కిటికీ లేదు. గోధుమలకు ఒక మిషను, జొన్నలకూ బియ్యానికీ ఒకటి, కారానికీ పసుపుకూ ఒకటి. మోటారు వేస్తే పట్టా చప్పుడుకు పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. కాబట్టి అక్కడ ఎవరూ మామూలుగా మాట్లాడరు, అరుస్తారు. "సన్నగా పట్టు!" "డబ్బా ఎవరిది?" "ఇందులో శనగపప్పు కలిసింది, చూసుకో!" ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి అరుస్తారు. మాట్లాడినప్పుడు మన నోటి నుంచి కంటికి కనబడని తుంపర్లు వస్తుంటాయి. గొంతు పెంచేకొద్దీ అవీ పెరుగుతాయి. బరువైనవి కింద పడిపోతాయి గానీ, సన్నవి గాలిలోనే తేలుతుంటాయి. సాయంత్రం గుమ్మంలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు పిండి దుమ్ము గాలిలో ఎలా ఆడుతుంటుందో రోజూ చూస్తావు కదా. డబ్బా తీసుకుని మనిషి వెళ్లిపోయినా ఆ దుమ్ము నేలకు దిగదు. ఊపిరిలో వచ్చిన తుంపరా అంతే. కాకపోతే దాని మీద ఎండ పడ్డా కనబడదు.

బట్టల దుకాణానికి వచ్చినవాడు చూసుకుని పోతాడు. గిర్నీకి వచ్చినవాడు తన వంతు కోసం పావుగంటో అరగంటో నిలబడాలి. పిండి మారిపోతుందేమోనని మిషను పక్కనుంచి కదలరు కూడా. మన గిర్నీలో పలక ఎందుకంటే ముందు ఇందుకు.

పైగా ఇది మిర్చి కాలం. ఎండబెట్టి, తొడిమలు తీసి, ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. కారం మిషను వేసే ముందు నువ్వు ఒక కేక వేస్తావు చూడు, "కారం పడుతున్నా!" అని. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు కొంగులూ దుపట్టాలూ, మగవాళ్లు దస్తీలూ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. మీ తాత బతికినన్నాళ్లూ మూతికి తువ్వాలు చుట్టుకునే ఆ మిషను దగ్గర నిలబడ్డాడు. ఆయనను చూసి నఖరాలని ఎవరూ అనలేదు. మిర్చి ఘాటు వెంటనే తగులుతుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఈ రోగానికి ఘాటు లేకపోవడమే దాని బలం. ఇంకో మాట. ఆ ఘాటుకు గదిలో ఉన్న పదిమందీ ఒకేసారి దగ్గుతారు, తుమ్ముతారు. నర్సుగా ముప్ఫై మూడేళ్లు చేసిన నాకు అది తలచుకుంటేనే గుబులు.

దవాఖానలో మేము మొదట నేర్చుకున్న సంగతి ఒకటి చెప్తాను. ఆపరేషన్ చేసే డాక్టరు మూతికి మాస్కు కట్టుకునేది ముందుగా తన కోసం కాదు. బల్ల మీద పడుకున్న మనిషి గాయంలో తన నోటి తుంపర పడకూడదని. క్షయ వార్డులో కూడా దగ్గే మనిషికే ముందు మాస్కు ఇచ్చేవాళ్లం. దక్షిణాఫ్రికాలో దీన్ని పరీక్షించి చూశారు. మొండి క్షయ ఉన్న రోగుల వార్డు గాలిని గొట్టాలతో రెండు గదుల్లోకి పంపారు. ఒక్కో గదిలో 90 గినీ పందులు. రోగులు మాస్కు పెట్టుకున్న రోజుల గాలి ఒక గదికి, పెట్టుకోని రోజుల గాలి రెండో గదికి. మాస్కు లేని గాలి పీల్చినవాటిలో 69కి క్షయ సోకింది. మాస్కు ఉన్న గాలి పీల్చినవాటిలో 36కి. ఆ జంతువులకు ఎవరూ మాస్కు కట్టలేదు, చూశావా. దగ్గేవాళ్లు కట్టుకుంటే వాటిలో సగానికి సగం దాకా తప్పించుకున్నాయి.

ఇది నీకు నాకంటే బాగా తెలిసిన పనే. పిండి పడే చోట మిషను మూతికి గుడ్డ గొట్టం ఎందుకు కట్టావు? దుమ్మును పుట్టిన చోటే పట్టుకోవాలని. ఒకసారి గదిలోకి లేచాక దాన్ని ఎవరు పట్టగలరు? నోటి తుంపర కూడా బయటికి వచ్చేటప్పుడు పెద్దగా, తడిగా ఉంటుంది, గుడ్డకు చిక్కుతుంది. గాలిలో ఆరి సన్నబడ్డాక ఎదుటివాడు ఎంత మంచి మాస్కు కట్టుకున్నా కొంత లోపలికి పోతుంది. అందుకే ఒక్కరు పెట్టుకుంటే చాలదు, గదిలో ఉన్న అందరూ పెట్టుకోవాలి. "భయమున్నవాళ్లు పెట్టుకుంటారులే" అని మీ అమ్మతో అన్నావట. ఆ మాట దగ్గరే నాకు నీతో పేచీ.

నాకు జబ్బు లేదు కదా, నేనెందుకు పెట్టుకోవాలి అంటారు. మన నగరంలోనే దీనికి లెక్క తేలింది. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి జీహెచ్‌ఎంసీలోని 30 వార్డుల్లో సుమారు 9,000 మంది రక్తం పరీక్షించి 2021 మార్చిలో ఫలితం చెప్పాయి. 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. అంటే అప్పటికే నగరంలో సగం మందికి పైగా వచ్చి పోయింది. అలా వచ్చి పోయినవాళ్లలో నూటికి 75 మందికి పైగా తమకు వచ్చిందనే తెలియదు. వాళ్లంతా ఆ రోజుల్లో బజారుకు పోయే ఉంటారు, దావత్‌లకు పోయే ఉంటారు, గిర్నీ దగ్గర నిలబడి మాట్లాడే ఉంటారు. చెడ్డవాళ్లు కాదు. మనలాంటివాళ్లే.

ఇక మీ నాయిన సంగతి. ఆయన నీతో ఎప్పుడూ అనడు, అందుకని నేనే రాస్తున్నాను.

2021 ఏప్రిల్, రంజాన్ మొదలైన రోజులు. ఇఫ్తార్‌కు మిర్చి బజ్జీలు, పకోడీలు చేసుకుంటారు కనుక శనగపప్పు పట్టించేవాళ్లు సాయంత్రాలు బారులు తీరతారని తెలిసిందే. తమ్ముడికి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కొంచెం జలుబు. పిండి దుమ్ముకు వచ్చిందిలే అనుకున్నాడు. రోజులాగే కూర్చున్నాడు. రోజులాగే ఖాలా వచ్చింది. నీ చిన్నప్పుడు నీకు ఖర్జూరాలు పెట్టిన ఖాలానే. ఆమెకు చెవులు వినబడవు. స్టూలు మీద కూర్చోబెట్టి, చెవి దగ్గరికి వంగి, పప్పు ఎంత ఉందో, ఎంత ఇవ్వాలో గట్టిగా చెప్పేవాడు మీ నాయిన. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. మూడో రోజు పరీక్ష చేయిస్తే తమ్ముడికి పాజిటివ్. తొమ్మిదో రోజున ఖాలాకు జ్వరం. ఆ నెల ఎలా ఉందో నీకు తెలుసు, బెడ్డు కోసం, ఆక్సిజన్ కోసం ఆమె మనవళ్లు ఎక్కడెక్కడ తిరిగారో కూడా తెలుసు. ఆమె పండుగ చూడలేదు.

ఆమెకు మీ నాయిన నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆ ఇంట్లో పదకొండు మంది, అందరూ పనులకు పోయేవాళ్లే, ఎవరి నుంచైనా వచ్చి ఉండొచ్చు. మీ నాయిన నుంచి రాలేదని కూడా ఎవరూ చెప్పలేరు. రంజాన్ పండుగ నాడు, ఇంట్లో మనిషి పోయి నెల తిరగకుండానే, వాళ్లు ఎప్పటిలాగే మన ఇంటికి షీర్ ఖుర్మా గిన్నె పంపారు. మీ నాయిన ఆ గిన్నె ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పాలు మీగడ కట్టాయి. మీ అమ్మ వేడి చేసి తెస్తానంటే వద్దన్నాడు. సాయంత్రం చల్లగానే తిన్నాడు, గిన్నె తానే కడిగాడు.

ఆ జూన్ 20 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. సరిగ్గా ఆ వారంలోనే పెయింటరును పిలిచి ఆ పలక రాయించాడు. అందరూ ఎత్తేసిన వారం ఆయన పెట్టాడు. జరిమానా భయంతో పెట్టింది కాదు బిడ్డా అది. జరిమానా పోయిందని తీయడానికి.

కేసులు తగ్గాయి కాబట్టి ఇక చాలు అనుకోవడం కొత్తేమీ కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కు తప్పనిసరి చేసింది. నెల రోజుల్లో జబ్బు తగ్గింది. నవంబరు 21న మధ్యాహ్నం నగరమంతా సైరన్లు మోగించి, ఇక తీసేయొచ్చన్నారు. జనం ఆనందంతో వీధుల్లోనే మాస్కులు పీకి పారేశారు. డిసెంబరులో జబ్బు మళ్లీ పుంజుకుంది. 1919 జనవరి 17 నుంచి మళ్లీ తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఈసారి జనం మొదటిసారంత సులువుగా వినలేదు, వ్యతిరేకంగా సంఘం కూడా పెట్టుకున్నారు. తీసేసినదాన్ని మళ్లీ పెట్టించడం ఎంత కష్టమో నాకు ఆ కథలో కనిపిస్తుంది. రేపు మళ్లీ కేసులు పెరిగి నువ్వు పలక తగిలించాలనుకుంటే, "మొన్ననే తీశావు కదా" అని ఒక్కొక్కరితో గొడవ.

మనమూ 2021 జనవరి, ఫిబ్రవరిలో అలాగే ధీమాగా ఉన్నాం. మాస్కులు తీసినందుకే రెండో కెరటం వచ్చిందని నేను అనను. డెల్టా అనే కొత్త రూపం వచ్చింది. అయితే అది వచ్చినప్పుడు మన మొహాలు తెరుచుకుని ఉన్నాయి. డిసెంబరులో ఒమిక్రాన్ వచ్చినప్పుడు అది ఎక్కడో దేశాల అవతల ఉందనుకుంటుండగానే టోలిచౌకిలో తేలింది. రాష్ట్రంలో ఇప్పటికి సర్కారు లెక్కల్లోనే 4,100 మందికి పైగా పోయారు. ఇంకో రూపం రాదని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

గిర్నీకి ఎవరెవరు వస్తారో ఒకసారి మనసులో తిప్పుకో. డబ్బాలు మోసుకొచ్చేవాళ్లలో సగం మంది పిల్లలు. 12 నుంచి 14 ఏళ్లవాళ్లకు టీకా మొదలైంది ఈ మార్చి 16నే. మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ సంస్థ చేసిన కోర్బెవాక్స్ వేస్తున్నారు. అంతకంటే చిన్నవాళ్లకు ఇంకా ఏమీ లేదు. 60 దాటినవాళ్లందరికీ మూడో డోసు కూడా అదే రోజున మొదలైంది, మన గల్లీలో ఎంతమంది వేయించుకున్నారు? వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే పెద్దమనిషి జొన్నలు పట్టించుకుపోతాడు, ఆయన లాంటివాళ్ల ఒంట్లో టీకా కూడా అందరిలో పట్టినంత గట్టిగా పట్టదు. ఆయన నీ దగ్గరికి వచ్చి "బాబూ, అందరినీ మాస్కు పెట్టుకోమను, నాకు భయం" అని అడుగుతాడా? చచ్చినా అడగడు. మన బస్తీలో ఎవరూ తమ బలహీనత నలుగురిలో చెప్పుకోరు. ఆ పలక ఆయన తరఫున ఆ మాట అంటోంది, ఆయన పేరు బయటపెట్టకుండా.

మన ఇళ్లు కూడా తెలుసు కదా. రెండు గదుల్లో ఎనిమిది మంది, పది మంది. పెద్ద కాలనీల్లోలా ఒకరికి జ్వరం వస్తే ఒక గది ఇచ్చి, భోజనం గుమ్మం దగ్గర పెట్టే వీలు ఇక్కడ ఎంతమందికి ఉంది? రోగం గడప దాటి లోపలికి వచ్చాక మనం చేయగలిగింది కొంచెమే. ఆపితే ఇంటికి రాకముందే ఆపాలి, దుకాణంలో, బస్సులో, గిర్నీలో.

ఇక ఎలా చేయాలన్నది. అరవకు, వెనక్కి పంపకు. బంగ్లాదేశ్‌లో సుమారు 600 ఊళ్లలో, 3 లక్షల 40 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన చేశారు. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, మసీదుల్లో, బజారుల్లో మనుషులను పెట్టి మర్యాదగా గుర్తు చేయించారు. జరిమానాలు లేవు. నూటికి 13 మంది పెట్టుకునే చోట 42 మంది పెట్టుకున్నారు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో 60 దాటినవాళ్లకు లక్షణాలతో వచ్చిన కోవిడ్ 35 శాతం తగ్గింది. మొత్తం జనంలో చూస్తే తగ్గింది తక్కువే, 11 శాతం, అది కూడా చెప్పాలి. మాస్కు మంత్రం కాదు. కానీ ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది చేసిన మేలు చూడు. గుడ్డ మాస్కులు అంత బాగా పనిచేసినట్టు అక్కడ తేలలేదు. 2020లో నేను మూడు పొరలు వేసి కుట్టి పంపినవి నువ్వు ఇంకా దాచావని మీ అమ్మ అంది. నాకూ వాటి మీద మమకారమే. వాటిని పక్కన పెట్టి సర్జికల్ మాస్కులే వాడు.

గుమ్మం పక్కన స్టూలు మీద ఒక డబ్బా పెట్టు. మరిచి వచ్చినవాడికి ఒకటి చేతికివ్వు. ఒక్కోటి రెండు మూడు రూపాయలు, కిలో పిండి పట్టినదాంట్లో పోయేది ఏమీ లేదు. నేను రెండు డబ్బాలు పంపుతున్నాను, రంజాన్ గడిచేదాకా వస్తాయి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లను అడగకు, అక్కడ గాలి ఆడుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు పెట్టమనకు. ఊపిరాడదు అన్నవాళ్లతో వాదించకు, వాళ్ల డబ్బా నువ్వే గుమ్మం దగ్గర అందుకుని, పట్టి, తెచ్చివ్వు. చెవులు వినబడనివాళ్లకు మాస్కు పెద్ద ఇబ్బంది, నోరు కదలడం చూసి మాట పోల్చుకుంటారు వాళ్లు. ఒక బలపం, రాసే చిన్న పలక నీ దగ్గర పెట్టుకో. ఎంత తూగిందో, ఎంత అయిందో రాసి చూపించు. ఖాలా ఉన్నప్పుడు ఆ ఆలోచన మనకెవరికీ రాలేదు.

నువ్వు కూడా ముక్కు మీదికి పెట్టుకోవాలి. నువ్వు గడ్డం కిందికి లాగి ఇంకొకరికి చెబితే ఎవరూ వినరు.

సున్నం వేసేవాళ్లు ఎలాగూ వస్తున్నారు కాబట్టి వెనక గోడకు పైన కన్నం కొట్టించి, గాలి బయటికి తోసే ఫ్యాను పెట్టించు. అది కూడా మేలు చేస్తుంది. నీ ఊపిరితిత్తులకూ మంచిది, రోజుకు పన్నెండు గంటలు ఆ దుమ్ములో ఉండేది నువ్వే. మీ తాత ఆఖరి రోజుల్లో ఎలా ఆయాసపడ్డాడో మరిచిపోలేదు కదా.

ఎప్పటిదాకా అంటావు. ఎల్లకాలమూ అనను. ఈ చిన్నపిల్లలకు కూడా టీకా రానీ, ముసలివాళ్లు మూడో డోసు వేయించుకోనీ, ఈ వానాకాలం ఏ కొత్త కెరటమూ లేకుండా గడవనీ. అప్పుడు నువ్వే మీ నాయినను కూర్చోబెట్టుకుని అడుగు. ఆయన సరే అంటే నేనే వచ్చి దించుతాను. ఆయనను అడగకుండా మాత్రం దించకు.

సున్నం పడకుండా పలకను జాగ్రత్తగా విప్పి లోపల పెట్టు, పని అయ్యాక అదే మేకుకు తగిలించు. ఉర్దూ వరుసలో రెండు అక్షరాలు చెరిగిపోయాయని మీ అమ్మ చెప్పింది. ఇంజన్ బౌలి దగ్గరి పెయింటరుతో మళ్లీ రాయించు, డబ్బులు నేనిస్తాను. గురువారం పొద్దున ఐదు కిలోల మిర్చి తెస్తున్నాను. గిరాకీ తక్కువ ఉండే వేళ చూసి చెప్పు.

మీ అత్త